‘కేరాఫ్ కంచరపాలెం’ చిత్రంలో ఇరుగుపొరుగు: ఆసరా, ఆరా

వ్యాససంగ్రహం

విశాఖపట్నంలోని కంచరపాలెం నేపథ్యంగా వెంకటేష్ మహా రచించి, దర్శకత్వం వహించిన ‘కేరాఫ్ కంచరపాలెం’ చిత్రం 2018 సెప్టెంబరు 7న విడుదలైంది. దానిని సహజమైన ప్రేమకథల సంపుటిగా చూడడం పరిపాటి. ఈ వ్యాసం ఆ చిత్రాన్ని ఒక వాడలోని ఇరుగుపొరుగు సంబంధాల కథగా పరిశీలిస్తుంది. చాలీచాలని బతుకుల మధ్య ఇరుగుపొరుగు అందించే ఆసరా, వారు తీసే ఆరా ఒకే మూలం నుంచి పుడతాయని చిత్రం గుర్తించింది. అయితే ముగింపులో నాలుగు కథలను ఒకే పురుషుడి జీవితంగా కలిపే శిల్పం, ఆ ఆరాకు మూల్యం చెల్లించిన స్త్రీల కథలను అసంపూర్ణంగా వదిలిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. చాసో ‘ఎంపు’, రావిశాస్త్రి ‘మాయ’ కథలను పూర్వరంగంగా స్వీకరిస్తుంది.

కీలకపదాలు: ఇరుగుపొరుగు, పట్టణ పేదవాడ, ఉత్తరాంధ్ర, కంచరపాలెం, ఆసరా, నిఘా, స్త్రీపాత్రలు, కథనశిల్పం.

1. ఉపోద్ఘాతం

తెలుగులో సమాజానికి వాడుకలో ఉన్న పేరు ‘నలుగురు’. నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం, నలుగురిలో నగుబాటు, నలుగురికీ మంచి చెయ్యాలన్న హితవు - ఈ ప్రయోగాలన్నింటిలోనూ ఆ సంఖ్యావాచకం లెక్కను సూచించదు, చుట్టూ ఉన్న లోకాన్ని సూచిస్తుంది. చివరకు పాడె మోసేవారు కూడా ‘ఆ నలుగురే’. మనిషిని వేలెత్తి చూపేవారికీ, కడసారి భుజం మీద మోసేవారికీ భాష ఒకే పేరు పెట్టిందంటే, ఈ రెండు పనులూ చేసేది ఒకరేనన్న లోకానుభవం దాని వెనుక ఉంది.

ఈ అనుభవం పట్టణ పేదవాడలో మరింత తీవ్రంగా కనిపిస్తుంది. అక్కడ ఇళ్ళు గోడకు గోడ ఆనుకొని ఉంటాయి. పొరుగింటి దగ్గు వినిపిస్తుంది, పొరుగింటి అప్పు తెలుస్తుంది. జబ్బు చేసినా, జీతం ఆగినా ముందుగా ఆదుకొనేది పక్కింటివారే. ఒకరి అవసరం మరొకరికి తెలియాలంటే ఒకరి గుట్టు మరొకరికి తెలియక తప్పదు. అందువల్ల ఆసరా పొందేవాడు ఆరా నుంచి తప్పించుకోలేడు. ఈ రెంటి మధ్య ఉన్న సంబంధాన్ని ‘కేరాఫ్ కంచరపాలెం’ ఏ మేరకు పట్టుకోగలిగింది, ఎక్కడ వదిలివేసింది అన్నది ఈ వ్యాసంలోని ప్రధాన పరిశీలనాంశం.

2. పూర్వరంగం: రెండు ఉత్తరాంధ్ర కథలు

ఉత్తరాంధ్ర పట్టణాల పేదల జీవితం తెలుగు కథకు కొత్త వస్తువు కాదు. విజయనగరం కేంద్రంగా రాసిన చాగంటి సోమయాజులు (1915-1994), విశాఖపట్నంలో న్యాయవాదిగా పనిచేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922-1993) ఈ వస్తువును రెండు భిన్నమార్గాలలో నిర్వహించారు.

చాసో ‘ఎంపు’ కథలో పాత్రలు బిచ్చగాళ్ళు. కూతురి మనసు కుంటివాడి మీద ఉంటుంది. గుడ్డివాణ్ణి చేసుకోవడమే లాభమని తండ్రి నచ్చజెబుతాడు. గుడ్డివాడి మీద లోకానికి జాలి ఎక్కువ కనుక రాబడీ ఎక్కువన్నది అతని వాదం. పెళ్ళి సంబంధం ఎంచుకోవడంలో మధ్యతరగతి పాటించే లెక్కలే అట్టడుగున కూడా ఉన్నాయని కథ చూపుతుంది. రచయిత ఆ తండ్రిని తప్పు పట్టడు, జాలిపడమనీ అడగడు. పేదల మధ్య ప్రేమకు కూడా ఆర్థిక మూలం ఉంటుందన్న ఎరుకతో కథ ఆగుతుంది.

రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’ సంపుటిలోని ‘మాయ’ మరొక మార్గం. మద్యనిషేధ కాలపు విశాఖలో సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ, పోలీసులూ కోర్టులూ డబ్బూ ఎలా ముడిపడి ఉన్నాయో ఒక యువ న్యాయవాదికి తన మాటల్లో విప్పిచెబుతుంది. చదువుకున్నవాడు శ్రోతగా, వాడలోని స్త్రీ వక్తగా మారడం ఆ కథలోని మౌలికమైన తిరుగుబాటు. ఆమె మాండలికం హాస్యం కోసం వచ్చింది కాదు, విశ్లేషణకు వాహిక.

ఈ రెండు కథల నుంచి రెండు ప్రశ్నలు గ్రహించవచ్చు. వాడలోని ప్రేమ వెనుక ఉన్న లెక్క ఏమిటి? వాడ కథను ఎవరు చెబుతున్నారు? ‘కేరాఫ్ కంచరపాలెం’ను ఈ రెండు ప్రశ్నల వెలుగులో చూసినప్పుడు దాని బలమూ పరిమితీ రెండూ స్పష్టమవుతాయి.

3. ‘కేరాఫ్’: చిరునామాగా మారిన వాడ

ఉత్తరం మీద ‘కేరాఫ్’ తరువాత సాధారణంగా ఒక వ్యక్తి పేరు ఉంటుంది. సొంత చిరునామా లేనివాడికి మరొకరి చిరునామా ఆధారమవుతుంది. ఈ చిత్రం ఆ స్థానంలో వ్యక్తికి బదులు వాడ పేరు పెట్టింది. నాయకుడి సంరక్షకుడు ఒక మనిషి కాదు, ఒక ప్రాంతం అన్న ప్రతిపాదన శీర్షికలోనే ఉంది.

కథలో నాలుగు పాయలున్నాయి. బడి పిల్లవాడు సుందరానికి తోటి విద్యార్థిని సునీత అంటే ఇష్టం. దుడుకు యువకుడు జోసెఫ్, బ్రాహ్మణ కుటుంబానికి చెందిన భార్గవి ప్రేమించుకుంటారు. మద్యం దుకాణంలో పనిచేసే గడ్డం, ముసుగులో వచ్చి సీసా కొనుక్కొని వెళ్ళే సలీమా కళ్ళను ప్రేమిస్తాడు. ఆమె పడుపువృత్తిలో ఉన్న స్త్రీ అని తెలిసిన తరువాత కూడా ఆ ప్రేమ సడలదు. నలభైతొమ్మిదేళ్ళ అవివాహితుడు, ప్రభుత్వ కార్యాలయంలో అటెండరు అయిన రాజుకు, ఒడిశా నుంచి బదిలీ మీద వచ్చిన అధికారిణి, ఎదిగిన కూతురున్న వితంతువు రాధతో స్నేహం కలుస్తుంది. ఈ నలుగురు పురుషులూ ఒక్కడేనని, సుందరమే జోసెఫ్, జోసెఫే గడ్డం, గడ్డమే రాజు అని చివర తెలుస్తుంది.

నటులలో అధికులు కంచరపాలెం పరిసరాలకు చెందిన, అంతకు ముందు సినిమా అనుభవం లేని స్థానికులు. రాజు పాత్రధారి సుబ్బారావు నడకలో, కూర్చున్న తీరులో, మాట మధ్య విరామాలలో నేర్చుకున్న అభినయం కనిపించదు. అంతకంటె ముఖ్యమైనది భాష. తెలుగు సినిమా ఉత్తరాంధ్ర యాసను పనివాళ్ళకూ హాస్యపాత్రలకూ కేటాయించిన కాలం దీర్ఘమైనది. ఈ చిత్రంలో ఆ యాస ప్రేమకూ, దుఃఖానికీ, తాత్త్వికతకూ వాహిక అయింది. ముత్యాలమ్మ నోట రావిశాస్త్రి సాధించిన గౌరవాన్ని తెర మీద ఒక వాడ మొత్తానికి విస్తరింపజేసిన ఘనత ఈ చిత్రానిది.

చిత్రంలో పేర్లు మారే తీరు కూడా గమనించదగింది. ఒకే మనిషి సుందరం, జోసెఫ్, గడ్డం, రాజు అయ్యాడు. ఒక పేరు ఇంట్లో వచ్చింది, ఒకటి మతంతో వచ్చింది, మరొకటి ముఖం మీది గడ్డం వల్ల వచ్చింది. పేదవాడలో పేరు అంటే కేవలం రికార్డులలో నమోదైన అక్షరాలు కావు. చుట్టూ ఉన్నవారు పిలవగా పిలవగా నిలిచేదే పేరు. మనిషి ఉనికిని ఇరుగుపొరుగు ఎంతగా నిర్ణయిస్తుందో చెప్పడానికి ఇంతకంటె సహజమైన సాక్ష్యం లేదు.

4. ఆసరా, ఆరా: ఒకే నాణేనికి రెండు ముఖాలు

రాజు పెళ్ళి చేసుకోకపోవడం అతని సొంత విషయంగా ఉండదు. అది వాడలో బహిరంగ చర్చ. అతని పుంసత్వం మీద గుసగుసలు, ఎదురుగానే పరిహాసాలు, పెద్దల సలహాలు, నిలదీతలు అన్నీ సాగుతాయి. నగరం మధ్యలో ఉన్నప్పటికీ పాలెం తన రచ్చబండను వదులుకోలేదు. ఈ సన్నివేశాలను దర్శకుడు హాస్యంతో నడిపాడు. ప్రేక్షకుడు నవ్వుతాడు, నవ్వుతూనే ఆ నిలదీతలో తానూ ఒక గొంతు అవుతాడు. రాజు ఎందుకు పెళ్ళి చేసుకోలేదన్న ఆసక్తి ప్రేక్షకుడికీ ఉంది. కథను నడిపించేదే ఆ ఆసక్తి. చిత్రం ప్రేక్షకుణ్ణి కూడా కంచరపాలెం పొరుగువాణ్ణి చేసింది.

రాజును ఎగతాళి చేసినవారే చివరికి అతని పెళ్ళికి పూనుకుంటారు. రాధ సోదరుడు ఆమె పునర్వివాహాన్ని వ్యతిరేకించినప్పుడు రాజు పక్షాన నిలబడేది అతనికి లేని బంధువర్గం కాదు, వాడే. ఆరా తీసినవారే ఆసరా అయ్యారు. ఇది మనుషులు మారిపోవడం వల్ల జరిగిన పరివర్తనగా చిత్రం చూపదు. మొదటి నుంచీ వారికి రాజు మీద ఒక హక్కుభావం ఉంది. నిలదీయడంలోనూ, నిలబడడంలోనూ పనిచేసింది ఆ హక్కుభావమే. పట్టణ జీవితాన్ని పరాయితనానికి పర్యాయంగా, పల్లెను ఆత్మీయతకు పర్యాయంగా చూపే రూఢిని చిత్రం ఈ విధంగా దాటింది. కంచరపాలెం వంటి వాడలో పరాయితనం కంటె అతి సన్నిహితత్వమే సమస్య. అదే బలం కూడా.

ఇంతవరకు చిత్రం సాధించినది విశేషమైనది. అయితే ఈ ఆసరా అందరికీ సమానంగా అందిందా అన్న ప్రశ్న వేసినప్పుడు చిత్రం వేరే ముఖంతో కనిపిస్తుంది.

5. నలుగురు ఒక్కడైన చోట

చిత్రంలో నాలుగు పాయలూ ఒకే కాలంలో జరుగుతున్నట్టు అల్లుకొని సాగుతాయి. సుందరం, జోసెఫ్, గడ్డం, రాజు ఒకే వాడలో ఒకరికొకరు ఇరుగుపొరుగని ప్రేక్షకుడు నమ్ముతాడు. చివరి మలుపుతో ఆ ఇరుగుపొరుగు మాయమై ఒక మనిషి గతంగా మిగులుతుంది. ‘నలుగురు’ ఒక్కడవుతారు. భావోద్వేగపరంగా ఈ మలుపు శక్తిమంతమైనదే. నిలదీసిన వాడకు తెలియని నాలుగు జీవితాలు ఒక అటెండరు లోపల ఉన్నాయన్న ఎరుక, ఆరా తీసేవారి అజ్ఞానాన్ని బయటపెడుతుంది. ఒకరి గురించి అంతా తెలుసుననుకోవడం, ఏమీ తెలియకపోవడం పక్కపక్కనే ఉంటాయని ప్రేక్షకుడు తన అనుభవంగానే గ్రహిస్తాడు.

ఈ మలుపు సాధ్యం కావాలంటే కాలం జాడలు తెర మీద ప్రస్ఫుటంగా కనిపించకూడదు. 2018 నాటికి నలభైతొమ్మిదేళ్ళ మనిషికి బాల్యం 1970ల చివర, యౌవనం 1990 ప్రాంతాల పడుతుంది. ఆ నాలుగు దశాబ్దాలలో విశాఖ ఎంతో మారింది. ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగింది. 1979లో పురపాలక సంఘం నగరపాలక సంస్థ అయింది. రాష్ట్రంలో 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చి 1997లో సడలిపోయింది. మద్యం దుకాణంలో బతుకు వెళ్ళదీసే గడ్డం జీవితానికి ఈ చివరి అంశం దూరమైనది కాదు. చిత్రకథలో ఈ చరిత్రకు నిర్ణాయకమైన పాత్ర లేదు. వీధులూ ఇళ్ళూ అన్ని పాయలలోనూ ఇంచుమించు ఒకేలా కనిపించినందువల్లనే ప్రేక్షకుడు కాలభేదాన్ని పసిగట్టలేడు.

దీనిని రెండు విధాలుగా వ్యాఖ్యానించవచ్చు. నగరం ఎంత పెరిగినా పేదవాడ రూపురేఖలు మారలేదని, నాలుగు దశాబ్దాలు గడిచినా కాలం గడిచినట్టు తెలియకపోవడమే వాడ దుఃస్థితి అని ఒక వ్యాఖ్యానం. శిల్పచమత్కారం కోసం వాడను చరిత్ర లేని ప్రదేశంగా మార్చారన్నది రెండవ వ్యాఖ్యానం. చిత్రంలో మొదటి వ్యాఖ్యానానికి అవకాశం ఉంది కాని ఆధారాలు తక్కువ. ‘మాయ’లో మద్యనిషేధ చట్టం లేకపోతే ముత్యాలమ్మ కథే లేదు. ‘ఎంపు’లో జాలికి ఉన్న విలువ లెక్క లేకపోతే ఆ పెళ్ళి లేదు. ‘కేరాఫ్ కంచరపాలెం’లో వాడ పేదరికం సజీవమైన నేపథ్యంగా ఉంది గాని, కథను నడిపించే కారణంగా చాలాచోట్ల లేదు. ప్రేమలకు అడ్డుపడేవి ప్రధానంగా కులం, మతం, పరువు. కూలి, అద్దె, అప్పు వంటివి అంచులలో ఉండిపోయాయి.

6. వాడ నుంచి తొలగిపోయిన స్త్రీలు

నాలుగు కథలు ఒకే పురుషుడివి కావడంతో అతని జీవితానికి ఒక కొనసాగింపు లభించింది. స్త్రీలకు ఆ కొనసాగింపు లేదు. సునీతను తండ్రి దూరం చేస్తాడు. భార్గవిని కుటుంబం, తండ్రి ప్రాణం తీసుకుంటానన్న బెదిరింపు మరొక పెళ్ళికి లొంగదీస్తాయి. సలీమా హత్యకు గురవుతుంది. ఒకరు వెళ్ళిపోయారు, ఒకరు లొంగిపోయారు, ఒకరు చనిపోయారు. మూడు సందర్భాలలోనూ ‘నలుగురూ ఏమనుకుంటారు’ అన్న భయమో, ఆ నలుగురి ఆగ్రహమో ప్రత్యక్షంగానో పరోక్షంగానో పనిచేసింది. రాజు పట్ల పరిహాసంగా ఉన్న ఆరా, ఈ స్త్రీల పట్ల శిక్షగా మారింది.

ఇక్కడ ఒక అభ్యంతరానికి అవకాశం ఉంది. సుందరం కూడా నష్టపోయాడు. వినాయక విగ్రహం చుట్టూ జరిగిన ఘటనలలో అతని తండ్రి ప్రాణం తీసుకున్నాడు, బాలుడికి దైవం మీద విశ్వాసం చెదిరింది. కనుక వాడ శిక్షించింది స్త్రీలను మాత్రమే కాదని వాదించవచ్చు. ఆ వాదంలో నిజం ఉంది. అయితే సుందరం దుఃఖానికి కథలో తరువాతి అధ్యాయాలున్నాయి. అది జోసెఫ్ దుడుకుతనంలో, గడ్డం నెమ్మదిలో, రాజు మౌనంలో రూపాంతరం చెందింది. సునీత దుఃఖం ఏమైందో, భార్గవి తరువాతి జీవితం ఎలా గడిచిందో కథకు అవసరం లేకపోయింది. వారు ఒక పురుషుడు పరిణతి చెందే మార్గంలోని మజిలీలుగా మిగిలారు.

వీరిలో సలీమా స్థితి ప్రత్యేకమైనది. ఆమె ముఖాన్ని గడ్డం మొదట చూడడు. అతనికి తెలిసినవి ఆమె కళ్ళు మాత్రమే. ఆమె దేహాన్ని డబ్బిచ్చి తెలుసుకున్నవారికి ఆమె మనసుతో పని లేదు. అంటే వాడలో ఆమెను పూర్తిగా ఎరిగిన పొరుగువారు లేరు. రాజుకు ఆరా తీసేవారైనా ఉన్నారు. సలీమా గురించి ఆరా కూడా లేదు, ముద్ర మాత్రమే ఉంది. ఇరుగుపొరుగు లేని మనిషి పేదవాడలో ఎంత నిస్సహాయురాలో ఆమె మరణం తెలుపుతుంది. చిత్రంలోని అత్యంత విలువైన అవగాహనకు బీజం ఇక్కడ ఉంది.

కాని ఆ మరణం తరువాత కథ వాడను ప్రశ్నించడానికి నిలవదు. సలీమా హత్య గడ్డం వియోగంగా మారుతుంది, ఆ వియోగం రాజు ఒంటరితనానికి వివరణగా మారుతుంది. ఒక స్త్రీ హత్య ఒక పురుషుడి అవివాహానికి కారణంగా కుదించుకుపోయింది. రాజు పెళ్ళికి ఏకమైన వాడ, సలీమా చావు నాడు ఏం చేసిందన్న ప్రశ్న ముగింపులోని ఆనందంలో వినిపించకుండా పోయింది. ముత్యాలమ్మకు రావిశాస్త్రి ఇచ్చిన వాగ్ధార వంటిది సలీమాకు దక్కి ఉంటే, కంచరపాలెం గురించి ఆమె చెప్పే కథ రాజు చెప్పే కథకు భిన్నంగా ఉండేది.

7. రాధ: బయటి నుంచి వచ్చిన పొరుగు

నలుగురు స్త్రీలలో తన కోరికను నెరవేర్చుకున్నది రాధ ఒక్కతే. ఆమె ఈ వాడలో పుట్టలేదు. భాష వేరు, రాష్ట్రం వేరు. ఆమెకు ఉద్యోగం ఉంది, హోదా ఉంది, తల్లి మనసెరిగి ప్రోత్సహించే కూతురు ఉంది. రాజు పట్ల తన ఇష్టాన్ని తానే ముందు వ్యక్తం చేయగలిగింది. నలభైయేళ్ళు దాటిన వితంతువు పునర్వివాహాన్ని ఎగతాళి లేకుండా, త్యాగం ముసుగు వేయకుండా చిత్రించడం తెలుగు తెర మీద అరుదైన విషయం. రాధా బెస్సీ నటన ఆ పాత్రకు నిండుతనం తెచ్చింది.

అయితే రాధ విజయానికి ఉన్న షరతులను గమనించాలి. ఆమె నెల జీతం మీద ఆధారపడిన స్వతంత్రురాలు. ఆమె పరువును కాపాడే బాధ్యత తీసుకున్న సోదరుడు కంచరపాలెం మనిషి కాడు. కనుక వాడ అతణ్ణి ఎదిరించడం సులువైంది. తన ఆడపిల్ల కోరిక విషయంలో వాడ ఇదే ఔదార్యం చూపగలదా? సునీత, భార్గవుల కథలు ఇచ్చే సమాధానం నిరాశాజనకమైనది. బయటి స్త్రీకి అందిన ఆసరా లోపలి స్త్రీలకు అందలేదు. చాసో కథలోని లెక్క ఇక్కడ వేరే రూపంలో కనిపిస్తుంది. ఎంపిక చేసుకొనే స్వేచ్ఛ వెనుక రాబడి ఉంది. రాధకు అది ఉంది, సునీతకూ భార్గవికీ లేదు. సలీమాకు రాబడి ఉన్నా, దానిని సంపాదించిన వృత్తి ఆ స్వేచ్ఛను మిగల్చలేదు. చిత్రం ఈ తేడాను చూపింది గాని, చూపినట్టు గుర్తించలేదు.

8. ముగింపు

‘కేరాఫ్ కంచరపాలెం’ పట్టణ పేదవాడను నేరస్థలంగానో, జాలిపడవలసిన దృశ్యంగానో చూపే అలవాటును విడిచి, మనుషులు ఒకరి జీవితాల్లో ఒకరు తలదూర్చే సజీవ ప్రాంగణంగా చూపింది. ఆసరా, ఆరా ఒకే హక్కుభావం నుంచి పుడతాయని ఉపన్యాసం లేకుండా నిరూపించింది. స్థానికుల ముఖాలకూ, యాసకూ తెర మీద గౌరవస్థానం కల్పించింది. ఇవి స్థిరమైన విజయాలు.

చివరి మలుపు మాత్రం వాడ చరిత్రను వ్యక్తి చరిత్రగా మార్చింది. నలుగురు ఒక్కడు కావడంతో అతని గాయాలకు ఊరట దొరికింది, వాడకు నిర్దోషిత్వం దొరికింది. ప్రేమకథగా ఇది తృప్తికరమైన ముగింపు. ఇరుగుపొరుగు కథగా ఇది సగం లెక్క. మిగిలిన సగం బడి మారిన సునీత దగ్గర, మరొక ఇంటికి వెళ్ళిన భార్గవి దగ్గర, వాడ ఎవరికీ చెందని మనిషిగా వదిలేసిన సలీమా దగ్గర ఉంది.

పేదవాడలను గురించిన తెలుగు సాహిత్య, చలనచిత్ర విమర్శ సహజత్వాన్ని ప్రధాన ప్రమాణంగా తీసుకుంటున్నది. యాస సహజంగా ఉందా, ముఖాలు సహజంగా ఉన్నాయా అన్న ప్రశ్నలు అవసరమైనవే గాని అవి చాలవు. వాడ ఎవరికి ఆసరా అయింది, ఎవరి విషయంలో ఆరా దగ్గరే ఆగిపోయింది, ఎవరికి ఆ రెండూ కాకుండా పోయింది అన్న ప్రశ్నలు కూడా విమర్శకు ప్రమాణాలు కావాలి. రాజుకు కంచరపాలెం చిరునామా అయింది. అదే కంచరపాలెంలో బతికి, అక్కడే చనిపోయిన సలీమాకు ‘కేరాఫ్’ ఎవరన్న ప్రశ్నకు చిత్రం సమాధానం చెప్పలేదు.